రెండించుల బోరు

మేడ్చల్ రైల్వే గేటు నుంచి శామీర్‌పేట దాకా ఏ ఇంట్లో నల్లా ఏడ్చినా, ఓదెలు వెళ్ళి దాన్ని ఊరుకోబెట్టి, ఇంటివాళ్ళను నవ్వించి వస్తాడని పేరు. ముప్పై ఏళ్ళుగా ప్లంబరు. చేతిలో రెంచి, నోట్లో కొంటెమాట. రెండింట్లో ఏది ముందు తిరుగుతుందో చెప్పడం కష్టం. ఎవరైనా ఫోన్ చేసి గీజర్ పాడైందంటే, "గీజర్ అంటేనే 'గీ జర సూడు' అని గదమ్మా, వచ్చి సూస్త" అంటాడు. టీ జాయింటు బిగించాల్సి వస్తే "మీరు టీ పెట్టుండ్రి, నేనూ టీ పెడత" అంటాడు. పైపులు అతికించే జిగురును ఈ పనివాళ్ళంతా సొల్యూషన్ అంటారు. ఆ చిన్న డబ్బా ఎత్తి చూపించి, "మీ ఇంట్ల ఎన్ని సమస్యలన్న ఉండనీ, నా దగ్గర సొల్యూషన్ ఉంది" అనడం అతనికి బోణీ మాట.

అలాంటి ఓదెలు, డిసెంబరు మొదటి వారంలో పద్మలత ఫోన్ చేసి "మా ఉడుకునీళ్ళ లైను మార్చాలె ఓదెలన్నా" అన్నప్పుడు నీళ్ళు నమిలాడు. ప్లంబరు కాబట్టి నీళ్ళకు కొదవ లేదు. చాలాసేపే నమిలాడు.

"ఏమైంది మేడం? గీజర్..." అని ఆగిపోయాడు. తర్వాతి ముక్క రాలేదు.

"గీజర్ మంచిగనే ఉంది. నల్లా తిప్పినంక ఉడుకు నీళ్ళొచ్చేసరికి బకెటున్నర సల్ల నీళ్ళు పోతున్నయి. అత్తమ్మ అవి పారబొయ్యనీయదు. ఆ సల్లటియే పోసుకొని, మోకాళ్ళు పట్టుకొని కూసుంటది. మీరు ఇంటి బయట నుంచి తెచ్చిన లైను తీసేసి, మళ్ళ గోడ లోపల నుంచే ఎయ్యాలె. ఎట్లయినా ఆ బాత్రూంల టైల్స్ మారుస్తున్నం."

"గోడ పలగ్గొట్టాలెనా మేడం?"

"పలగ్గొట్టకుండ లోపల నుంచి ఎట్ల ఏస్తరు?"

నిజమే. ఓదెలుకు కూడా అదే తెలియదు. గోడలు తెరవకుండా లోపలి సంగతి సర్దేసే విద్య ఏదైనా ఉంటే, ఆరేళ్ళుగా అతను దాని కోసమే చూస్తున్నాడు.

*

పైపుల పనిలో ఒక పద్ధతి ఉంది. ముందు పైపులన్నీ కొలతకు కోసి, జిగురు లేకుండా ఉత్తగా ఒకదాంట్లో ఒకటి దూర్చి చూసుకుంటారు. అంతా కుదిరిందనుకున్నాక ఒక్కో జాయింటు ఊడదీసి, సొల్యూషన్ పూసి, మళ్ళీ దూర్చి, ముప్పై లెక్కపెట్టేంత సేపు అదిమి పట్టుకుంటారు. చిక్కల్లా ఏమిటంటే, సొల్యూషన్ పూసిన జాయింటూ పూయని జాయింటూ చూపుకు కవల పిల్లలు. పూయనిది కూడా కొన్నాళ్ళు బుద్ధిగానే ఉంటుంది. లోపల ఉడుకు నీళ్ళు పారడం మొదలయ్యాక, వేడికి సాగి, చలికి ముడిచి, మెల్లగా జారుతుంది. అందుకే ఓదెలు తన గురువు దగ్గర ఒక అలవాటు పట్టాడు. సొల్యూషన్ పూసిన జాయింటు మీద వెంటనే పెన్సిలుతో అడ్డంగా ఒక గీత. "నొసటి గీత బ్రహ్మ గీస్తడు, పైపు గీత ఓదెలు గీస్తడు. బ్రహ్మ తప్పుతడేమో గని" అని కూడా అనేవాడు. ఇప్పుడు అనడం లేదు.

ఆరేళ్ళ కిందట పద్మలత ఇల్లు కట్టుకుంటున్నప్పుడు ఆ బాత్రూంలో పైపులు ఓదెలువి, టైల్స్ అల్లావుద్దీన్‌వి. ఇద్దరిదీ ఇరవై ఏళ్ళ జోడీ. ఒకతను పైపులను గోడలో దాస్తాడు, ఇంకొకతను గోడనే దాస్తాడు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు చూడండి, అదే వరస. ఓదెలు ఎప్పుడూ కుతకుత. అల్లావుద్దీన్ రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కానీ అతను గోడకు టైల్ అతికితే, టైలుకూ టైలుకూ నడుమ సందులో చీమలు వరసగా పోవలసిందే, జోడుగా పోలేవు.

ఆ రోజు ఓదెలు జాయింట్లకు సొల్యూషన్ పూస్తూ ఏదో ముచ్చట చెబుతున్నాడు. ఏ ముచ్చటో గుర్తులేదు. తన ముచ్చటకు తానే నవ్వడం మాత్రం గుర్తుంది. మూల తిరిగే చోట వేసే ఎల్బో ఒక్కటి మిగిలి ఉండగా కింద నుంచి టీ వచ్చిందని కేక వినిపించింది. ఇద్దరూ దిగి వెళ్ళారు. టీ తాగి, ముచ్చట ముగించి, పైకి వచ్చారు.

"అయిపాయెనా ఓదెల్ భాయ్? మూసెయ్యనా?" అని అడిగాడు అల్లావుద్దీన్.

"మూసెయ్యి భాయ్. ఇంక తెరిచేదేముంది."

నిజానికి మూసే ముందు పైపుల్లో నీళ్ళు నింపి ఒకరోజు వదిలెయ్యాలి. ఆ రోజు కరెంటు లేదు, మోటరు తిరగలేదు. రేపు చూద్దామనుకున్నది ఎల్లుండి అయింది. ఎల్లుండికి గోడ మీద తెల్లటి టైల్స్ పళ్ళికిలించి నవ్వుతున్నాయి.

గృహప్రవేశానికి వారం ఉందనగా, బాత్రూం గోడకు అవతలి వైపు, పడకగదిలో, చేట వెడల్పు తడి మరక తేలింది. సరిగ్గా రెండు రోజుల ముందే అల్లావుద్దీన్ ఆ గోడకు డ్రిల్లు పెట్టి తువ్వాల రాడ్డు బిగించాడు.

ఓదెలు వచ్చేసరికి పద్మలత, ఆమె భర్త హేమచంద్, రంగులేసే నలుగురు, ఎదురింటివాళ్ళు, అందరూ మరక ముందు నిలబడి ఉన్నారు. దాన్ని చూడగానే ఓదెలుకు టీ గుర్తొచ్చింది. పది రోజుల కిందటి టీ. ఎల్బో మీద గీత గీశానా లేదా అని మనసు వెతుక్కుంటూ ఉండగానే, నోరు అలవాటుగా ముందు తిరిగింది.

"మేడ్చల్‌ల మనం బోరు ఏస్తే వెయ్యి ఫీట్లు పోయినా దుమ్మే వస్తాంది. మా భాయ్‌ని సూడుండ్రి, రెండించులకే గంగను తెచ్చిండు."

అందరూ నవ్వారు. ఈ ప్రాంతంలో నీళ్ళ మీద జోకు ఎండిన నేల మీద వానలాంటిది. పడీ పడగానే ఇంకిపోతుంది.

అల్లావుద్దీన్ మాత్రం నవ్వలేదు. డ్రిల్లు బిట్టు బయటికి తీసి, వేలు ఆనించి లోతు కొలుచుకున్నాడు. "జర ఎక్కువనే పోయిందేమో," అన్నాడు. "నాదే గల్తీ కావచ్చు."

గోడ పగలగొడితే ఎవరి గల్తీయో తేలేది. "వారంల పాలు పొంగియ్యాలె, ఇప్పుడు గోడ ముట్టొద్దు మేడం. పాత లైనుకు డమ్మీ మూత కొట్టి బందు చేసి, బయట నుంచి కొత్త లైను తెస్త" అన్నాడు ఓదెలు. అందరూ మెచ్చుకున్నారు. పైపుకు పడ్డ డమ్మీ నిజానికీ పడింది.

గృహప్రవేశం నాడు ఇల్లు కట్టినవాళ్ళకు బట్టలు పెట్టడం ఇక్కడి రివాజు. మేస్త్రీకీ, వడ్రంగికీ, ప్లంబరుకూ, టైల్స్ పెట్టినతనికీ తలా ఒక జత. అల్లావుద్దీన్ రాలేదు. "పొరపాటు ఎవరికైనా అయితది, ఈ జత మీ భాయ్‌కి ఇయ్యండి" అని పద్మలత అతని ప్యాకెట్ కూడా ఓదెలు చేతిలోనే పెట్టింది. ఆ ప్యాకెట్ ఓదెలు ఇంట్లో ఇనుప బీరువా మీద ఎక్కి కూర్చుంది. దాని పక్కనే తనదీ. ఇవ్వాల్సింది ఇవ్వలేదు, కుట్టించుకోవాల్సింది కుట్టించుకోలేదు. భార్య సుక్కమ్మ దుమ్ము దులిపినప్పుడల్లా, "గివి బట్టలా, పటాలా? అగర్‌బత్తీలు ముట్టియ్యనా?" అని అడిగేది. ఆ ఇంట్లో జోకులు ఓదెలు ఒక్కడివే కావు.

ఇక ఆ రెండించుల జోకు. దానికి కాళ్ళొచ్చాయి. మేడ్చల్ బస్ డిపో దగ్గర ఎక్కి శామీర్‌పేటలో దిగింది. నెల తిరిగేసరికి అల్లావుద్దీన్ పేరు 'బోర్ భాయ్' అయింది. కొత్త ఇళ్ళవాళ్ళు "బోర్ భాయ్ అయితే గోడలొద్దులే" అనడం మొదలుపెట్టారు. వాళ్ళు అనకముందే అతనే గోడలు మానేశాడు. "నా చెయ్యి మీద నాకే యకీన్ లేదు" అన్నాడట. డ్రిల్లు మిషన్‌ను పాత లుంగీలో చుట్టి సందుగలో పెట్టి, శామీర్‌పేట రోడ్డు మీద వాకిళ్ళకు వేసే పార్కింగ్ టైల్స్ పనికి పోయాడు. నేల పనిలో లోపల పైపులుండవు, మీద జోకులుండవు.

ఓదెలు ఆ జోకు మళ్ళీ చెప్పలేదు. కానీ జోకు ఓదెలును వదల్లేదు. ఏ హార్డ్‌వేర్ షాపులోనో, ఏ చావు ఇంటి అరుగు మీదో ఎవడో ఒకడు మోచేత్తో పొడిచి, "అన్నా, నీకు బోర్ భాయ్ ముచ్చట ఎరుకనా?" అని మొదలుపెట్టేవాడు. కన్నవాడికే బిడ్డను పరిచయం చేసినట్టు. ఓదెలు ప్రతిసారీ చివరిదాకా విని, నవ్వవలసిన చోట నవ్వేవాడు.

*

పద్మలత తుర్కపల్లిలో ఏదో ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఏడున్నరకే కంపెనీ క్యాబ్ ఎక్కుతుంది. హేమచంద్‌ది రైల్వే ఉద్యోగం, నెలలో సగం పట్టాల మీదే. అందుకని ఓదెలు బుధవారం పొద్దున వెళ్ళేసరికి ఇంట్లో అత్తగారు పార్వతీదేవి ఒక్కతే ఉంది. తలకు ఉన్ని టోపీ, కాళ్ళకు మేజోళ్ళు. బాత్రూం తలుపుకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"నీకోసమే సూస్తున్న ఓదెలూ. నాకు గా బొక్క సూపియ్యాలె."

"ఏం బొక్క పెద్దమ్మా?"

"సాయబు కొట్టిన బొక్క. ఆరేండ్ల సంది నా మోకాళ్ళను తింటున్న బొక్క ఎంతుంటదో నేను కండ్లార సూడాలె."

ఓదెలు ముందు బయటికి వెళ్ళి తాను వేసిన లైనును చూశాడు. ఇంటి ఉత్తరపు గోడ వెంట నలభై అడుగులు, నీడలో, ఒంటి మీద గుడ్డ లేకుండా, చలిగాలికి. గీజర్ దగ్గర చెయ్యి పెడితే కాలింది. పది అడుగుల దగ్గర నులివెచ్చన. గోడ మూల తిరిగేసరికి పైపుకు మనిషి వేడి కూడా లేదు. పాత దారిలో పోతే పన్నెండు అడుగులే. గోడలో నుంచి వేసి, మీద ఫోం తొడిగితే నల్లా తిప్పిన వెంటనే ఉడుకు నీళ్ళు. పరీక్ష అంతకన్నా చెయ్యాల్సిన పని లేదు. రోగం ఏమిటో వైద్యుడికి మొదటి నుంచీ తెలుసు, తెచ్చింది అతనే కాబట్టి.

లోపలికి వచ్చి గోడ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టాడు. పాత లైనుకు అడుగు ఎడంగా.

"పక్కకెందుకు పోతున్నవు?" అంది పెద్దామె కుర్చీలోంచి. "పాత తొవ్వ ఉండంగ కొత్తది తవ్వుతరా?"

ఓదెలు చాక్ గీత చెరిపేశాడు. ఉలి, సుత్తి తీశాడు.

కొడుతున్నంత సేపూ మనసులో ఒకటే మొక్కు. బొక్క ఉండాలి. పైపుకు గుండ్రంగా, శుభ్రంగా, డ్రిల్లు బొక్క ఉండాలి. ఉంటే పాపం అల్లావుద్దీన్, లేకపోతే పాపం ఓదెలుది. ఆ 'పాపం' ఏ పక్కన నిలబడుతుందో అనే ఆరేళ్ళ భయం ఇటుక పెళ్ళలతో పాటు రాలిపడుతోంది.

మొదట తువ్వాల రాడ్డు బొక్క తేలింది. ఇటుకలోకి ఒకటిన్నర అంగుళం పోయి ఆగింది. పైపు అక్కడికి జానెడు దూరంలో ఉంది. అల్లావుద్దీన్ చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

తర్వాత పైపు. ఒక్కో జాయింటూ బయటపడింది. ఒక్కోదాని మీద పెన్సిలు గీత, ఆరేళ్ళ తర్వాత కూడా నిన్న గీసినట్టు. చివరి ఎల్బో నొసలు మాత్రం బోసిగా ఉంది. దాని నోట్లోంచి పైపు గోరంత జారి ఉంది. ఆ సందు చుట్టూ తెల్లగా, పొలుసులు పొలుసులుగా, బోరు నీళ్ళ సున్నం గడ్డకట్టింది. మూలకు ముందు పైపు కోసి, ఎల్బోను రెండు వేళ్ళతో కదిలించాడు. ఊగే పన్నులా కదిలింది.

ఎల్బో అంటే మోచేయి. మోచేతి నీళ్ళు తాగే బతుకు అని లోకాన్ని ఎన్నిసార్లు వెక్కిరించాడో ఓదెలుకు లెక్కలేదు. ఈ ఆరేళ్ళ తన మంచి పేరంతా అల్లావుద్దీన్ మోచేతి నుంచి కారిన నీళ్ళే.

"దొరికిందా?" అంది పార్వతీదేవి.

"దుమ్ము తియ్యనీ పెద్దమ్మా. సూపిస్త."

తర్వాత చేసిన పనిని ఓదెలు చాలా రోజులు తలుచుకోదలచుకోలేదు. తలుపు ఓరగా వేశాడు. తన సంచిలోంచి డ్రిల్లు తీశాడు. కోసిన పైపు ముక్కను, కొసన వేలాడుతున్న ఎల్బోతో సహా, మోకాళ్ళ మధ్య ఇరికించి, నడుమ ఒక బొక్క పెట్టాడు. డ్రిల్లు గుర్రుమన్నది మూడు సెకండ్లు. ఆరేళ్ళ కిందట నోటితో కొట్టిన బొక్కను ఈసారి చేత్తో కొట్టాడు.

ముక్కను తుడిచి పెద్దామె చేతిలో పెట్టాడు. ఆమె అద్దాలు సర్దుకుని, పైపును బెండకాయను చూసినట్టు తిప్పి తిప్పి చూసింది. బొక్క మీద వేలు పెట్టింది. ఎల్బో మీద వేలు పెట్టింది. మళ్ళీ బొక్క మీద.

"గీ బోరు నీళ్ళతోని నేను ఎన్నో ఏండ్లు గిన్నెలు తోమిన ఓదెలూ," అంది నెమ్మదిగా. "సుక్క కారిన కాడ సున్నం పేరకుండ ఉండదు. చింతపండు పెట్టి రుద్దినా పోదు. గీ బొక్క సుట్టు ఇంత సున్నం లేదు. గా మూల కాడ మస్తుగ పేరింది. బొక్క ఈడున్నది, సున్నం ఆడున్నది. నీళ్ళు బొక్కల నుంచి కారి, దుంకి పోయి ఆడ కూసున్నయా?"

ఓదెలు నేల మీది ఇటుక పెళ్ళలు ఏరడానికి వంగాడు.

"నీ అంగి మీద గా పొట్టు ఏంది?"

చూసుకున్నాడు. చొక్కా మీద, పొట్ట దగ్గర, పైపు రంగు పొట్టు, సన్నటి చుట్టలు చుట్టలుగా. దులిపాడు. దులిపిన కొద్దీ చేతికి అంటుకుంది.

పార్వతీదేవి తిట్టలేదు. తిడితే బాగుండేది. పైపు ముక్కను తన ఒళ్ళో పెట్టుకుని, "గా సాయబు గీ గోడకు బిల్లలు పెట్టేటప్పుడు నాకు కుర్సీ ఏసి కూసోబెట్టిండు," అంది. "అమ్మా, పువ్వు బిల్ల ఏ ఎత్తుల పెడితే మీకు కూసొని కనబడ్తది అని అడిగి, నా కండ్లకు సమానంగ పెట్టిండు. పెద్దమనిషి కూసొని తానం చేస్తదని ఇంకెవ్వరికీ యాదికి రాలె." ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుంది. "నా కోడలికి నేను చెప్ప. చెప్పెటోనివి నువ్వున్నవు గద."

పైపు ముక్క తిరిగి ఇచ్చేసింది. గోడ వైపు చూస్తే ఆ పువ్వు టైల్ ఇంకా అక్కడే ఉంది. కుర్చీలో కూర్చున్న ముసలామె కళ్ళకు సమానంగా.

*

శామీర్‌పేట రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్ ముందు అల్లావుద్దీన్ గొంతుక్కూర్చుని పార్కింగ్ టైల్స్ పరుస్తున్నాడు. ఒక్కోటి పెట్టి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, చెవి వంచి వింటున్నాడు. కింద సిమెంటు నిండితే ఒక చప్పుడు, గుల్లగా ఉంటే ఒక చప్పుడు. ఓదెలు బండి దిగి, చంకలో బట్టల ప్యాకెట్, చేతిలో ఎల్బో ఉన్న ఆ పైపు ముక్కతో నిలబడ్డాడు.

"సలాం భాయ్. ఏంది, ఇయ్యాల నేలకు నాడి సూస్తున్నవా?" అన్నాడు. తన గొంతు తనకే గుల్లగా వినిపించింది.

"సలాం ఓదెల్ భాయ్," అన్నాడు అల్లావుద్దీన్ తలెత్తకుండా.

ఓదెలు పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా అల్లుకున్న మాటలేవీ పనికిరాలేదు. ఎల్బో ముక్కను అతని చేతిలో పెట్టాడు.

అల్లావుద్దీన్ దాన్ని ఒక్కసారి తిప్పాడు. ఇరవై ఏళ్ళు ఓదెలు గీతల మీదే టైల్స్ పెట్టినవాడు.

"గీత లేదు," అన్నాడు.

"లేదు."

"ఏ ఇంటిది?"

"పద్మలత మేడం ఇంటిది. ఆ గోడది."

సుత్తి కింద పెట్టాడు అల్లావుద్దీన్. "మరి నా డ్రిల్లు?"

"జానెడు దూరంల ఆగింది. ఒకటిన్నర ఇంచి పోయింది అంతే. నడుమ ఉన్న బొక్క పాతది కాదు భాయ్. పొద్దున నేనే కొట్టిన. పెద్దమ్మకు సూపిద్దామని." చెప్పడం మొదలుపెట్టాక, పగిలిన పైపుకు చెయ్యి అడ్డం పెట్టినా ఆగనట్టు, అంతా వచ్చేసింది. టీ, కరెంటు లేకపోవడం, అన్నీ.

అల్లావుద్దీన్ తన కుడి చేతిని చూసుకున్నాడు. సిమెంటు ఎండి తెల్లగా ఉంది. "గీ చెయ్యిని ఆరేండ్లు తిట్టిన," అన్నాడు. "ఇంట్ల మేకు కొట్టాలన్నా నా బీవీ షహజాదినే అడిగిన." ముక్కను ఓదెలు వైపు తిప్పి, "నీకు ఎప్పటి సంది ఎరుక?"

"ఇయ్యాల పొద్దున సూసిన."

అల్లావుద్దీన్ చూస్తూనే ఉన్నాడు. టైల్ తట్టి వినేటప్పటి చూపు అది.

"ఆ దినం సంది ఎరుకనే భాయ్," అన్నాడు ఓదెలు.

రోడ్డు మీద కంపెనీ క్యాబ్ ఒకటి దుమ్ము రేపి పోయింది. అల్లావుద్దీన్ కళ్ళు ప్యాకెట్ మీద పడ్డాయి. "గది ఏంది?"

"నీ బట్టలు. ఇంట్ల దిగిన నాడు మేడం పెట్టింది. ఇద్దామంటే మొఖం చెల్లలె."

"మొఖం చెల్లలె," అన్నాడు అల్లావుద్దీన్. "జోకు మాత్రం మంచిగ చెల్లింది."

ఓదెలు ముప్పై ఏళ్ళలో ఎన్ని మాటలు విసిరాడో, వాటన్నిటికీ కలిపి ఒకటే జవాబు వచ్చింది. "మాఫ్ చెయ్యి భాయ్," అన్నాడు.

"నా చెవుల చెప్తే నాకేమొస్తది? ఎవల ముందర నవ్వించినవో ఆల్ల ముందర చెప్పు. మేడంతోని షురూ చెయ్యి. ఆమె అయినంక మేడ్చల్ ఉన్నది." సుత్తి తీసుకుని మళ్ళీ తట్టడం మొదలుపెట్టాడు. ప్యాకెట్ ముట్టుకోలేదు.

*

ఆ సాయంత్రం పద్మలత క్యాబ్ దిగేసరికి ఓదెలు గేటు దగ్గరే ఉన్నాడు. ఎల్బో చూపించి చెప్పాడు. ఆమె చెప్పులు విప్పకుండానే విన్నది. విని, "నాకు అబద్ధం చెప్పిన్రు, సరే," అంది. "ఆరేండ్లు నేను మంది ముందర ఆయనదే తప్పని చెప్పుకుంట తిరిగిన ఓదెలన్నా. ఆ పాపంల నాకు కూడ వాటా పెట్టిన్రు." తర్వాత ఫోన్ తీసి అల్లావుద్దీన్ నంబరు తనే అడిగి, తనే మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఓదెలుకు వినిపించలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని మాట్లాడింది. చాలాసేపు.

మేడ్చల్ వంతు మర్నాడు వచ్చింది. కొత్త పైపులకు డిపో దగ్గర రమేష్ హార్డ్‌వేర్ షాపుకు పోతే, కౌంటరు ముందు నలుగురైదుగురు పనివాళ్ళున్నారు. రమేష్ లిస్టు చూస్తూ, "గదే ఇల్లా? బోర్ భాయ్ గంగను తెచ్చిన ఇల్లు?" అన్నాడు. అందరూ పళ్ళు బయటపెట్టారు.

"గంగను తెచ్చింది నేను," అన్నాడు ఓదెలు. "జాయింటుకు సొల్యూషన్ పెట్టలె. మరిచిన. భాయ్ మీద ఏసిన."

షాపు దద్దరిల్లేలా నవ్వారు. "అన్న కొత్తది తెచ్చిండు," అన్నాడొకడు. "సొల్యూషన్ ఉందనే ఓదెలన్న దగ్గర సొల్యూషన్ లేదట." ఇంకొకడు కౌంటరు మీద చరిచాడు.

జీవితంలో మొదటిసారి ఓదెలుకు నవ్వులు వద్దనిపించాయి. వాళ్ళ తప్పు లేదు. ముప్పై ఏళ్ళుగా ఈ నోటి నుంచి నిజం ఎప్పుడు వచ్చిందో, వేషం ఎప్పుడు వచ్చిందో తెలిసేలా గీత గీసి పెట్టలేదు. జేబులోంచి ఎల్బో తీసి కౌంటరు మీద పెట్టాడు. "నవ్వకుండ్రి. సూడుండ్రి," అన్నాడు. చూశారు. వాళ్ళంతా పైపుల మనుషులే. గీత లేని నొసలూ, సున్నం పేరిన మూలా చదవడానికి వాళ్ళకు చదువు అక్కర్లేదు. నవ్వు ఒక్కొక్క మొహం మీదా, మెయిన్ వాల్వు కట్టేసినప్పుడు నల్లా ఆగినట్టు, చుక్కలు చుక్కలుగా ఆగింది. రమేష్ లిస్టు వైపు తిరిగి సామాను తియ్యసాగాడు. ఓదెలు ఉన్నచోట అంత నిశ్శబ్దం అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు.

*

ఆదివారం అల్లావుద్దీన్ వచ్చాడు. భుజాన పాత లుంగీలో చుట్టిన మూట. దాన్ని విప్పకుండా మూలన పెట్టాడు. అప్పటికి ఓదెలు గోడలో కొత్త లైను సగం వేశాడు. అల్లావుద్దీన్ పార్వతీదేవికి కుర్చీ జరిపి, పువ్వు టైల్‌ను పగలకుండా తీసి కడిగి పక్కన పెట్టి, పైపుల ముందు కూర్చున్నాడు. ఒక్కో జాయింటు మీదా వేలు పెట్టాడు.

"గీత?"

"ఉంది."

"గీత?"

"ఉంది."

ఆఖరి ఎల్బోకు ఓదెలు సొల్యూషన్ పూసి, పైపు దూర్చి, రెండు చేతులతో అదిమాడు. సరిగ్గా అప్పుడే పద్మలత వంటింట్లోంచి, "టీ అయింది, రాండ్రి," అంది.

టీ మీద ఓదెలుకు ఎనిమిది జోకులున్నాయి. ఒకటి నాలిక చివరి దాకా వచ్చి, అక్కడి నుంచే వెనక్కి పోయింది. చేతులు తియ్యలేదు. పెదవులు కదపకుండా లెక్కపెడుతున్నాడు. పద్మలత టీ గ్లాసులు బాత్రూం గుమ్మం దాకా తెచ్చి గట్టు మీద పెట్టింది. అల్లావుద్దీన్ తన గ్లాసు అందుకుని, నిలబడి తాగుతూ ఓదెలు చేతులనే చూస్తున్నాడు. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్పై. ఓదెలు చెవి మీది పెన్సిలు తీసి ఎల్బో నొసట గీత గీశాడు. గీత వంకర పోయింది.

వాల్వు తిప్పారు. పైపుల్లోకి నీళ్ళు చేరిన చప్పుడు నలుగురూ విన్నారు. ఎక్కడా చుక్క లేదు.

అల్లావుద్దీన్ ఖాళీ గ్లాసు కింద పెట్టి, సిమెంటు తట్ట దగ్గరికి జరుపుకున్నాడు. గోడ వైపు చూస్తూ అడిగాడు. "మూసెయ్యనా ఓదెల్ భాయ్?"

"వద్దు భాయ్," అన్నాడు ఓదెలు. "రేపటి దాంక తెరిచే ఉండనీ."

అల్లావుద్దీన్ తల ఊపి, తట్ట వెనక్కి జరిపాడు. ఓదెలు తన టీ అందుకున్నాడు. చల్లారిపోయి, మీద మీగడ కట్టింది. అలాగే తాగాడు.